ఎముకలోని ఉక్కు తుప్పు పట్టదా?

పల్లెలోనైనను పట్టణములోనైనను, తొడయెముక విరిగి శస్త్రచికిత్స చేయించుకొని ఇల్లు చేరిన మనిషిని పరామర్శింప వచ్చిన చుట్టములు అడుగు ప్రశ్నలలో ఒకటి ఎన్నడును తప్పిపోదు: “లోపల రాడ్డు వేశారటగా, అది తుప్పు పట్టదూ?” రోగి ఆ ప్రశ్నను మరుసటి మారు ఆసుపత్రికి పోయినప్పుడు వైద్యునికి అప్పగించును. వైద్యుడు “అది స్టీలండీ, పట్టదు” అనియో, “టైటానియం వేశాం, మీకేం భయం లేదు” అనియో చెప్పి తరువాతి రోగిని పిలుచును. ఆ సమాధానము తప్పు కాదు. కాని అడిగినవాని సందేహము తీర్చునట్టిదియు కాదు. ఏలయనగా, పెరటిలో నీళ్ళతొట్టి కడ పడియున్న మేకు పదిదినములలో ఎర్రబారుట కన్నులార చూచినవాడు, అంతకన్న తడిగాను, అంతకన్న వెచ్చగాను, అంతకన్న ఉప్పగాను ఉండు ఒంటిలోపల ఒక లోహపుకడ్డీ ముప్పది యేండ్లు చెక్కుచెదరక యుండునని కేవలము మాటమీద నమ్మవలసి వచ్చుచున్నది. ఆ నమ్మకమునకు ఆధారమేమో, ఆ ఆధారమునకు హద్దు లెక్కడనో విచారించుటయే ఈ అధ్యాయమున మన పని.

ఒడలిలోని ఉప్పునీరు

నీరసించిన రోగికి చేతినరమున ఎక్కించు సెలైను సీసాను ఎరుగనివారుండరు. అందులోనిది లీటరు నీటికి 9 గ్రాముల ఉప్పు. రక్తములోని లవణపు పాళ్ళకు సరిపోవునట్లు ఏర్పరచిన కొలత యది. సముద్రపునీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణములుండును. అనగా మన దేహద్రవము సముద్రములో నాలుగవవంతు ఉప్పదనము కలది. కాకినాడలోను విశాఖపట్టణములోను సముద్రపుగాలి తగులు ఇండ్ల కిటికీఊచలు ఎన్ని వర్షాకాలములకు ఓర్చునో తెలిసినవారికి ఈ లెక్క చాలును. ఊచకు గాలిలోని తేమ మాత్రమే తగులును. ఎముకలోని కడ్డీయో, 37 డిగ్రీల వేడిమిలో రేయింబగళ్ళు మునిగియుండును.

ఉప్పులోని రెండు భాగములలో సోడియము ఇచ్చట నిరపరాధి. లోహమునకు పగవాడు క్లోరైడు. లోహమును కప్పియుండు రక్షకమైన పొర ఎంత గట్టిదైనను, దానిలో బలహీనమైన చోటును వెదకి పట్టి చొచ్చుకొనిపోవు గుణము ఈ కణమునకు విశేషముగా కలదు. శస్త్రచికిత్స జరిగిన క్రొత్తలో గాయము చుట్టును ఆమ్లత్వము పెరుగుటచేత, మామూలుగా 7.4 ఉండవలసిన పీహెచ్ 5 ప్రాంతమునకు దిగుటయు కలదు. రక్తములోని ఆల్బుమిను మొదలగు మాంసకృత్తులు లోహకణములను అంటిపెట్టుకొని మోసికొనిపోవును. ఇవి చాలవన్నట్లు, నడచు మనిషి తుంటికీలుమీద అడుగడుగున శరీరభారమునకు రెండున్నర, మూడు రెట్ల ఒత్తిడి పడును; మామూలుగా తిరుగాడువాని ఒక్కొక్క తుంటిమీద ఇట్టి ఒత్తిడి ఏడాదికి పదిలక్షల మారులు పడునని అంచనా. ఇక ప్రాణవాయువు మాట: గాలి తగులు నీటిలో కరగియుండునంత ప్రాణవాయువు దేహద్రవములో ఉండదు. ప్రాణవాయువు లేనిదే తుప్పుండదు గనుక ఇది మేలని పాఠకునకు తోచవచ్చును. అది మేలు కాదు. ఎందుచేతనో త్వరలోనే చూచెదము.

మరియొక సంగతి. ఇనుపవంతెన తుప్పు పట్టినచో నష్టము వంతెనకు. ఊడిన తుప్పు ఏటిలో కలిసిపోవును. ఒంటిలోని లోహము క్షయించినచో, క్షయించినది ఎచ్చటికి పోవును? కొంత చుట్టునున్న కండలో నిలుచును, కొంత రక్తములో కలిసి మూత్రము వెంట వెడలును. రోల్డుగోల్డు కమ్మలు పెట్టుకొని చెవితమ్మె రసికారి, మరల వేపపుల్లలకే తిరిగిన ఆడువారు మన ఇండ్లలో ఎందరో కలరు. చెమటలోని ఉప్పుకు కమ్మలోని నికెలు కొద్దికొద్దిగా కరగి చర్మములోనికి దిగుటయే చాలవరకు దానికి కారణము. చెవికమ్మను తీసి అవతల పెట్టవచ్చును. తొడలోని పలకను అట్లు తీసి పెట్టలేము గనుక, లోహము ఎంతకాలము నిలుచునన్నది ఎంత ముఖ్యమో, నిలిచినంతకాలము ఎంత కొద్దిగా కరగునన్నదియు అంత ముఖ్యము.

తుప్పే కవచమైన వైనము

బంగారము, ప్లాటినము వంటి కొలది లోహములను మినహాయించినచో, మనము వాడు లోహములలో హెచ్చుపాలు భూమిలో లోహముగా దొరకవు. ఇనుము ప్రాణవాయువుతో కూడిన ఎర్రనిరాయిగా దొరకును. కొలిమిలో బొగ్గును మండించి, ఎంతయో శక్తిని వెచ్చించి, ఆ ప్రాణవాయువును ఊడబెరికిన పిదపనే అది ఇనుమగును. కనుక మేకు తుప్పు పట్టుట వింత కాదు. అది తన పుట్టింటికి మరలిపోవుట. మేకుమీద ఒకచోట ఇనుపపరమాణువు తన ఎలక్ట్రానులను లోహములోనే విడిచి నీటిలోనికి జారిపోవును; వేరొకచోట ఆ ఎలక్ట్రానులను నీరును ప్రాణవాయువును కలిసి పుచ్చుకొనును. ఇచ్చువారును పుచ్చుకొనువారును ఉన్నంతకాలము ఈ వ్యాపారము సాగుచునే యుండును. అందువలన పుట్టిన ఎర్రనితుప్పు ఇనుముకన్న ఎక్కువ చోటాక్రమించును, గుల్లగా నుండును, పెచ్చులుగా ఊడును. ఊడినచోట నీరు మరల క్రొత్త ఇనుమును తాకును.

1836లో, స్విట్జర్లాండులోని బాజెల్ నగరమున రసాయనశాస్త్రమును బోధించు షోన్‌బైన్ అను పండితుడు, లండనులోని మైకేల్ ఫారడేకు ఒక చోద్యమును గూర్చి జాబు వ్రాసెను. నీరు కలిపిన నత్రికామ్లములో ఇనుపతీగ బుసబుస పొంగుచు కరగిపోవును. చిక్కని నత్రికామ్లములో ముంచినచో, మరింత వేగముగా కరగవలసినది పోయి, ఏమియు ఎరుగనట్లు ఊరకుండును. పిమ్మట ఆ తీగనే తీసి పలుచని ఆమ్లములో ముంచినను కరగదు. దానిపై ఒక గీత గీచినంతనే మరల పొంగి కరగనారంభించును. ఫారడే దీనిని ఆలోచించి, చిక్కని ఆమ్లములో ఇనుముపై ప్రాణవాయువుతో కూడిన పొర ఒకటి ఏర్పడుచుండవలెనని ఊహించెను. కంటికి కనబడని పొరను నమ్మువారెవరు? వివాదము తొంబది సంవత్సరములు నడచెను. 1927లో కేంబ్రిడ్జిలోని యూలిక్ ఎవాన్స్ అట్టి పొరను ఇనుమునుండి విడదీసి చూపిన పిదప గాని సందేహములు సన్నగిల్లలేదు.

ఇనుముమీది ఆ పొర చంచలమైనది. ఉక్కులో నూటికి పదిన్నర పాళ్ళకు మించి క్రోమియమును కలిపినచో మాత్రము కథ మారును. క్రోమియము ఇనుముకన్న ఆత్రముగా ప్రాణవాయువుతో కలియును. కలిసి, గుల్లగా గాక దట్టముగా, పెచ్చులుగా గాక లోహమును కరచిపట్టుకొని, ఒకటి రెండు నానోమీటర్ల మందమున పొర కట్టును. అనగా తలవెంట్రుక మందములో పదివేలవవంతుకు ఎంతయో లోపు. మనము అన్నము తిను స్టీలుకంచము తుప్పు పట్టదని అందుము. నిజమునకు అది ఎన్నడో పట్టినది. అంగడిలో కొనకముందే, లోహము గాలిని తాకిన క్షణముననే పట్టి, తన తుప్పుచేతనే ఆగిపోయినది. ఈ అధ్యాయమున చెప్పవలసినదంతయు ఈ ఒక్క మాటలోనే కలదనవచ్చును.

కాచిన పాలు చల్లారునప్పుడు పైని తొరక కట్టుట చూచియుందురు. గరిటెతో దానిని ప్రక్కకు త్రోసినచో, పాలు వేడిగా ఉన్నంతసేపు, బయటపడిన చోట మరల తొరక అల్లుకొనును. క్రోమియపుపొరయు అట్లే. గీత పడినచో, ప్రాణవాయువు అందుబాటులో నున్నంతవరకు, సెకనులో వెయ్యవవంతుల కాలములోనే గీత మానును. వేసిన రంగు ఊడినచో మరల వేయువాడు కావలెను. దీనికి వేయువాడు అక్కరలేదు. అయితే గిన్నెకు బిగువుగా మూత పెట్టినప్పుడు తొరక సరిగా కట్టదని వంటయింటివారెరుగుదురు. గాలి తగలని పాలకు తొరక లేనట్లే, ప్రాణవాయువు అందని లోహమునకు కవచము లేదు. దేహద్రవములో ప్రాణవాయువు తక్కువగుట మేలు కాదని పైన చెప్పినది ఇందుచేతనే: తుప్పునకు కారణమైనదే తుప్పునకు అడ్డును అగుచున్నది.

తొలినాటి పలకలు

విరిగిన ఎముకను లోహముతో బిగించుట పందొమ్మిదవ శతాబ్ది చివరి దశాబ్దములలో ఊపందుకొన్నది. 1877లో లండనులో జోసెఫ్ లిస్టర్ విరిగిన మోకాటిచిప్పను వెండితీగతో కుట్టెను. లిస్టరు బోధించిన శుచిత్వమువలన గాయములు చీము పట్టుట తగ్గినందుననే, ఒంటిలో లోహమును విడిచి కుట్టు ధైర్యము వైద్యులకు కలిగినది. ఆ నగరముననే గైస్ ఆసుపత్రిలోని అర్బత్‌నాట్ లేన్, చేతితో గాయమును తాకక పనిముట్లతోనే సర్వమును నిర్వహించు నేర్పరి, ఉక్కుపలకలను మరలతో ఎముకకు బిగించుటను వాడుకలోనికి తెచ్చెను. చేతులు ఎంత శుభ్రమైనవైనను ఆ ఉక్కు సామాన్యమైన ఉక్కే. పలకలు తుప్పుపట్టెను, కొన్ని విరిగెను. 1912లో అమెరికాలో షెర్మన్ అను వైద్యుడు వెనేడియపు ఉక్కుతో పలకలు చేయించగా అవి విరుగుట తగ్గినది గాని తుప్పు తగ్గలేదు. బలము వేరు, ఓర్పు వేరు అని ఆనాటివారు నేర్చుకొనుటకు రోగులే పాఠశాలయైరి. ఇది చరిత్రలో సంతోషింపదగిన భాగము కాదు.

స్టెయిన్‌లెస్ స్టీలు పుట్టినది ఆసుపత్రికొరకు కాదు. జర్మనీలోని క్రుప్ కర్మాగారమున 1912లో క్రోమియము నికెలు కలిపిన ఉక్కుకు పేటెంటు పుచ్చుకొనిరి. మరుసటి ఏడు ఇంగ్లండులోని షెఫీల్డులో హారీ బ్రియర్లీ, తుపాకిగొట్టములు త్వరగా అరగకుండునట్టి ఉక్కును వెదకుచు, తుప్పుపట్టని ఉక్కును పోతపోసెను. ఆ రెండింటిలో జర్మనులదానికి సంతతివారైన మిశ్రలోహములే 1920ల తరువాత శస్త్రచికిత్సలోనికి వచ్చినవి. క్లోరైడును ఎదుర్కొనుటకై నూటికి రెండు మూడు పాళ్ళ మాలిబ్డినమును చేర్చిరి. 1950లలో కర్బనమును నూటికి 0.03 పాలునకు తగ్గించిరి. ఈ తగ్గించుటలో ఒక సూక్ష్మమున్నది. కర్బనము ఎక్కువైనచో, ఉక్కును వేడిచేసినపుడు అది క్రోమియమును తనవైపు లాగుకొని, లోహపురేణువుల సరిహద్దులలో దానితో జతకట్టును. ఆ సరిహద్దుల ప్రక్కన క్రోమియము చాలక కవచము పలుచబడి, చూపునకు చక్కగానున్న ఉక్కు లోలోపల గట్ల వెంబడి క్షయించును. నేటికిని మన ఆసుపత్రులలో ఎక్కువగా వాడు 316ఎల్ అను ఉక్కు పేరులోని ఎల్ అను అక్షరము ఈ తక్కువ కర్బనమునకు గుర్తు.

ఇంతలో మరియొక లోహకుటుంబము దంతవైద్యుల దారిని ప్రవేశించెను. బోస్టనులోని స్మిత్-పీటర్సెన్ అను ఎముకలవైద్యుడు, అరిగిన తుంటిబంతికిని దాని గిన్నెకును నడుమ ఒక నున్నని దొప్పను ఉంచినచో చుట్టును క్రొత్త మృదులాస్థి ఏర్పడునని తలచెను. ఒక రోగి వీపులో చాలకాలము దాగియున్న గాజుపెంకు చుట్టు నున్నని పొర ఏర్పడియుండుట చూచి, 1923లో గాజుతోనే దొప్పలు చేయించెను, అవి పగిలెను. పైరెక్సు గాజు, బేకలైటు అన్నియు చూచెను. చివరకు 1938లో, కట్టుడుపళ్ళ చట్రములకు వాడు వైటాలియము అను మిశ్రలోహము చేతికి వచ్చెను. అందులో సుమారు 65 పాళ్ళు కోబాల్టు, 30 పాళ్ళు క్రోమియము, 5 పాళ్ళు మాలిబ్డినము. దీనికి ఒక్క యేడు ముందుగా, టెక్సాసులోని వెనబుల్, స్టక్ అను వైద్యులు తమ సహచరుడు బీచ్‌తో కలిసి, జంతువుల ఎముకలలో పలువిధముల లోహపుమరలను దిగగొట్టి, వేరువేరు లోహములు ప్రక్కప్రక్కన నున్నచో శరీరద్రవములో విద్యుత్ప్రవాహము పుట్టి ఎముక చెడునని నిరూపించిరి. ఒక లోహము కరగి రెండవదానిని కాపాడును. నడుమ నష్టపోవునది ఎముక. వారు పరీక్షించినవాటిలో వైటాలియమే నెమ్మదిగా నుండెను. పలక ఒక లోహము, మరలు వేరొక లోహము కలిపి వాడరాదను నియమమునకు ఆ పరిశోధనయే పునాది.

పైన తళతళ, లోన గుంట

ఎముక అతికిన పిదప తీసివేసిన స్టీలుపలకను చేతబట్టి చూచినచో, వీపుభాగము వేసిననాటివలెనే మెరయుచుండుట కనబడును. మరను విప్పి, దాని తల ఆనిన గుంటలోనికి చూచినపుడు గదా సంగతి తెలియును: తల అంచు వెంబడి మసకవారిన గోధుమవన్నె వంక ఒకటి, దానిలో సూదిమొనలతో పొడిచినట్లు చిన్నచిన్న గుంటలు. నాలుగు మరలలో రెండింటి క్రింద ఉండి, రెండింటి క్రింద ఉండకపోవచ్చును. తెరపినున్న లోహము క్షేమము. సందులోనున్న లోహము గాయపడినది. లోహమొక్కటే, ఉప్పునీరొక్కటే. భేదమంతయు చోటులోనున్నది.

మరతలకును పలకకును నడుమ వెంట్రుకపాటి సందుండును. ద్రవము అందులోనికి దిగును గాని, దిగినది బయటికి రాదు. అందులోని కొద్దిపాటి ప్రాణవాయువును లోహము తినివేసిన పిదప క్రొత్తది అందదు. పొరలో ఎక్కడనైన చిన్న తెగుదల కలిగినచో పూడ్చుకొనుటకు వీలులేక లోహము కరగును. కరగిన లోహకణములు నీటితో కలిసి ఆమ్లమును పుట్టించును. వాటి ధనావేశమునకు సరితూగుటకై బయటినుండి క్లోరైడు లోనికి దిగును. ఆమ్లమును క్లోరైడును పెరిగినకొలది పొర మరింత చెడును, లోహము మరింత కరగును, కరగినకొలది ఆమ్లము మరల పెరుగును. బయట నున్న విశాలమైన ఉపరితలము మాత్రము ప్రాణవాయువును హాయిగా అందుకొనుచు, సందులోనుండి వచ్చు ఎలక్ట్రానులను అదేపనిగా పుచ్చుకొనుచుండును. తళతళలాడు ఆ పైభాగమే లోని గుంటను త్రవ్వించుచున్నదనుట అతిశయోక్తి కాదు. ఊరగాయను స్టీలుడబ్బాలో నిలువచేసి, కొన్ని మాసములకు డబ్బా అడుగున సూదిబెజ్జములు పడుట చూచినవారికి ఈ వ్యవహారము క్రొత్త కాదు. ఉప్పు, పులుపు, ముద్దగా అంటుకొని గాలి చొరనీయని పిండి మూడును అచ్చట సమకూడినవి. మన పెద్దలు ఆవకాయకు జాడీనే ఎందుకు వాడిరో ఇంతకన్న వివరింపనక్కరలేదు.

దీనికి కదలిక తోడైనచో కష్టము రెట్టింపగును. అడుగు వేసినపుడెల్ల మరతల పలకమీద కంటికి తెలియనంత కదలి, పొరను గీకివేయును, పొర మరల కట్టును, మరల గీకుడు. పొర కట్టుటకు ప్రతిమారును కొంత లోహము ఖర్చగును, సందులోని కొద్ది ప్రాణవాయువును ఖర్చగును. ప్రయోగశాలలలో లోహపుతునకను 37 డిగ్రీల ఉప్పునీటిలో ముంచి, విద్యుత్పీడనమును క్రమముగా పెంచుచు, ఎచ్చట పొర చీలి ప్రవాహము ఒక్కసారిగా ఎగయునో గుర్తించి, ఆ లోహపు ఓర్పును కొలతురు. మంచి పరీక్షయే. కాని నున్నగా సానపెట్టి కదలక నిలిపిన తునక ఇచ్చు ధైర్యమును, పదిలక్షల అడుగుల క్రింద నలుగు కీలునకు అట్లే అన్వయించుకొనుట ఎంత ప్రమాదమో ఇటీవలి చరిత్రలోనే ఋజువైనది.

కృత్రిమమైన తుంటికీలులో కాడ ఒకటిగాను, బంతి ఒకటిగాను తయారుచేసి, శస్త్రచికిత్స సమయమున రోగి కొలతకు తగినట్లు ఒకదానిని మరియొకదానిలో బిగించు పద్ధతి వైద్యులకు ఎంతో సౌకర్యము. తరచుగా కాడ టైటానియపుది, బంతి కోబాల్టు క్రోమియముది. బిగింపు ఎంత గట్టిదైనను అది ఒక సందే, కదలిక ఉండనే ఉన్నది, లోహములును రెండు. తీసి చూచిన కీళ్ళలో కొన్నింటి మెడచుట్టు నల్లగాను పచ్చగాను గట్టిపడిన క్రోమియము ఫాస్ఫేటు పేరుకొని కనబడినది. దీనికి తోడు, బంతియు గిన్నెయు రెండును కోబాల్టు క్రోమియముతోనే చేసిన కీళ్ళు ఈ శతాబ్దపు తొలి దశాబ్దమున విరివిగా వాడబడెను. ప్లాస్టిక్కుగిన్నెవలె అరగవని వాటికి పేరు. అరుగుదలయు రసాయనక్షయమును ఒకదానికొకటి తోడై, కోబాల్టు రక్తములోనికి ఎక్కి, కీలుచుట్టునున్న కండ చెడిన రోగులు బయటపడసాగిరి. డిప్యూ కంపెనీవారి ఏ.ఎస్.ఆర్. అను కీలు అయిదేండ్లు తిరుగకముందే నూటికి 12, 13 మందిలో మార్పవలసి వచ్చినదని బ్రిటిషు కీళ్ళ నమోదుపట్టికవలన తేలగా, 2010 ఆగస్టులో దానిని ప్రపంచమంతట వెనుకకు తీసికొనిరి. ఆ కీలు అమర్చుకొనిన వేలమందిలో భారతీయులును కలరు. వారికి నష్టపరిహారము ఎట్లు లెక్కగట్టవలెనో మన ప్రభుత్వము 2018లో గాని నిర్ణయింపలేదు. అదే మిశ్రలోహము, మోకాటికీలులో ప్లాస్టిక్కుమీద ఆడునపుడు, దశాబ్దములుగా మంచిపేరుతో పనిచేయుచున్నది. కావున లోహము మంచిదా చెడ్డదా అను ప్రశ్న అసంపూర్ణము. అది దేనిని ఆనుకొని, ఎట్టి సందులో, ఎంత కదలుచున్నది అని కూడ అడుగవలెను.

ఎముక అతికిన తరువాత పలకను తీయించవలెనా అని అడుగువారికి ఇచ్చట ఒక మాట. పెరుగుచున్న పిల్లలకు తరచుగా తీయుదురు. పెద్దలలో బాధ, చీము, చర్మము క్రింద ఒరపిడి వంటి కారణము లేనిచో సాధారణముగా విడిచిపెట్టుదురు. మరల కోయుటవలని కష్టము, మరతల క్రింది ఆ కొద్ది క్షయమువలని నష్టముకన్న ఎక్కువని వైద్యుల లెక్క. ఆ లెక్క రోగిని చూచినవారు వేయవలసినదే గాని పుస్తకము వేయదగినది కాదు.

టైటానియము

ఇంగ్లండులోని కార్న్‌వాల్‌లో ఒక చర్చి ఆచార్యుడు, విలియం గ్రెగర్, 1791లో నల్లనియిసుకలో ఈ లోహపు జాడను కనిపెట్టెను. భీమునిపట్నపు తీరమున, శ్రీకాకుళపు తీరమున అలలు వెనుదీసినపుడు చారలుచారలుగా కనబడు నల్లనియిసుకలోనున్న ఇల్మెనైటు అట్టి ఖనిజమే. జాడ తెలిసిన నూటయేబది సంవత్సరములకు గాని లోహము చౌకగా చేతికి రాలేదు. ప్రాణవాయువుతో దానికున్న మోహము అంతటిది. బొగ్గుతో కాల్చిన వదలదు. లక్సెంబర్గువాడైన క్రోల్, ఖనిజమును మొదట క్లోరైడుగా మార్చి, పిదప మగ్నీషియముతో దానిని విడగొట్టు మార్గమును 1930లలో కనుగొనెను. ఆ మార్గముననే గుల్లగుల్లగా నుండు టైటానియము స్పంజిని తయారుచేయు విద్యను హైదరాబాదులోని రక్షణలోహపరిశోధనశాల రూపొందించగా, కేరళలోని చవరలో దాని కర్మాగారము వెలసినది. ఆ పరిశోధనశాలకు పొరుగుననే కంచన్‌బాగులోనున్న మిధాని సంస్థ టైటానియపు మిశ్రలోహములను పోతపోయును.

ఏ మోహము దానిని ఖనిజమునుండి విడివడనీయలేదో, ఆ మోహమే ఒంటిలో దానిని కాపాడుచున్నది. తెరచిన క్షణముననే టైటానియముమీద నాలుగైదు నానోమీటర్ల డయాక్సైడుపొర కట్టును. ఇంటిగోడల తెల్లరంగులో వాడు తెల్లనిపొడియు ఈ డయాక్సైడే. దేహములోనుండు క్లోరైడు ఈ పొరను చీల్చజాలదు. ఉక్కుకు ప్రాణాంతకమైన సూదిగుంటలు దీనికి దాదాపు లేవనవచ్చును. మరియొక లాభము: ఉక్కు వంగుటకు చూపు బిగువులో సుమారు సగమే దీనికుండుటచేత, ఎముకమీది భారమునంతను తానే మోసి ఎముకను సోమరిని చేయదు. ఆపరేషను గదిలోని పెట్టెను తెరచి చూచినచో టైటానియపు పలకలు, మరలు కొన్ని బంగారువన్నెగను, కొన్ని నీలముగను, కొన్ని వంగపండువన్నెగను కనబడును. అది పూసిన రంగు కాదు. విద్యుత్తుతో ఆ డయాక్సైడుపొరను పదులకొలది నానోమీటర్లు మందగింపజేయగా, పొర పైభాగమునుండియు క్రిందిభాగమునుండియు మరలిన వెలుగులు కలిసికొనుటచే ఆ వన్నె పుట్టును; మందము మారిన వన్నె మారును. కొలతలు తారుమారు కాకుండ సహాయకుడు వన్నెను చూచియే మరను అందించును.

1952లో స్వీడనులోని లుండ్ నగరమున బ్రొనెమార్క్ అను పరిశోధకుడు, కుందేటికాలి ఎముకలో రక్తప్రవాహమును చూచుటకై టైటానియపు గొట్టమును అమర్చి, పని ముగిసిన పిదప తీయబోగా రాలేదు. ఎముక దానిని తనలో కలుపుకొన్నది. సాటి పరిశోధకుడెవడైనను విసుగుకొని గొట్టము ఖరీదు లెక్కవేసికొనునేమో. ఆయన దానినుండి పంటివేళ్ళను ఊహించి, 1965లో తొలిరోగి దవడలో అమర్చెను. ఎముక కలియునది నిజమునకు లోహముతో కాదు, దానిపైని డయాక్సైడుతో.

ఇంత పొగడిన పిదప దోషములను దాచుట న్యాయము కాదు. టైటానియము ఒరపిడికి ఓర్వదు; దానితో తుంటిబంతులు చేసిన 1980లలో కీళ్ళచుట్టు కండ కాటుకవలె నల్లబడినది. ఆమ్లముతో కూడిన ఫ్లోరైడు, అనగా కొన్ని దంతచికిత్సలలో పూయు లేపములవంటివి, దాని పొరను కరగింపగలవు. విమానములకొరకు పుట్టిన మిశ్రలోహములో 6 పాళ్ళు అల్యూమినియము, 4 పాళ్ళు వెనేడియము నుండును. వెనేడియము కణములకు మంచిది కాదను శంకచేత, 1980లలో స్విట్జర్లాండువారు దాని స్థానమున నియోబియమును చేర్చిరి. ఖరీదు సంగతి రోగులకే బాగుగా తెలియును. ఉక్కుకు ఇంకను స్థానము చెడలేదు. 1990లలో హైదరాబాదు వైద్యుడు సోమరాజును, అబ్దుల్ కలామును కలిసి రూపొందించిన గుండెస్టెంటు స్టెయిన్‌లెస్ స్టీలుదే.

కరగుటకే చేసిన మర

ఇంతవరకు క్షయమును శత్రువుగా భావించితిమి. అతికిన పిదప పనిలేని లోహము తనంత తాను కరగిపోయినచో రెండవ శస్త్రచికిత్సయే అక్కరలేదుగదా అని బెల్జియములోని ఆంట్‌వెర్పులో ఆల్బెన్ లాంబొట్ 1906 ప్రాంతముననే ఆలోచించెను. పదునేడేండ్ల బాలుని విరిగినకాలికి మగ్నీషియపు పలకను వేసి, బంగారుపూత పూసిన ఉక్కుమేకులతో బిగించెను. వెనబుల్, స్టక్ ముప్పదియేండ్ల తరువాత చెప్పబోవు నియమమునకు ఇంతకన్న ఘోరమైన ఉల్లంఘన ఉండదు. మగ్నీషియము లోహములలో మిక్కిలి ఉదారముగా ఎలక్ట్రానులను ఇచ్చునది. బంగారము వాటిని పుచ్చుకొనుటకు అనువైన వేదిక. ఎనిమిదిదినములలో పలక శిథిలమై, చర్మము క్రింద ఉదజని వాయువు ఉబ్బుగా చేరినది.

మగ్నీషియము దేహమునకు పరాయిది కాదు. రోజుకు మూడువందల మిల్లీగ్రాములకు పైగా ఆహారముతో మనకు కావలసినదే. దాని బిగువు ఎముక బిగువునకు టైటానియముకన్న దగ్గర. చిక్కంతయు వేగములో నున్నది: ఎముక అతుకుటకు పట్టు రెండు మూడు మాసములు మర గట్టిగా నిలిచి, ఆ పిమ్మటనే సన్నగిల్లవలెను, పుట్టు ఉదజనిని కండ ఎప్పటికప్పుడు పీల్చుకొనగలిగినంత మెల్లగా కరగవలెను. ఇట్రియము మొదలగు అరుదైన లోహములను చేర్చియు, ఉక్కును బంగారమును దాని దరి చేరనీయకయు ఆ వేగమును అదుపులోనికి తెచ్చుచున్నారు. జర్మనీలో తయారైన అట్టి మరకు 2013లో యూరపులో అనుమతి లభించినది. కాలి బొటనవ్రేలు వంకరను సరిచేయుట వంటి చిన్నచిన్న ఎముకల పనులకు దానిని వాడుచున్నారు. శస్త్రచికిత్స జరిగిన తొలివారములలో తీసిన ఎక్స్‌రేలో ఆ మరచుట్టు నల్లనినీడ కనబడును. చూడనెరుగనివారు దానిని చీము పట్టినదని భయపడుదురు. అది ఉదజని, కొన్నినెలలలో అణగును. తొడయెముకను మోయునంతటి పలకను మాత్రము ఈ లోహముతో ఇంకను నమ్మకముగా చేయలేకున్నారు.